ఇంటి నుంచి విదేశాలకు లెక్కలు రాస్తే నిజంగా డబ్బులొస్తాయా?

బీకాం చేశాను, ట్యాలీ వచ్చు, పెళ్లయ్యాక తణుకులో ఉంటున్నాను, ఇంట్లో కూర్చుని విదేశీ కంపెనీలకు పని చేస్తే నిజంగా డబ్బులొస్తాయా లేక అంతా మోసమేనా అని అడిగారు. వస్తాయండీ. నేను తెనాలిలో మా ఇంటి నుంచే ఆస్ట్రేలియాలోని చిన్న వ్యాపారాలకు లెక్కలు రాస్తున్నాను. పిల్లల ఫీజులు, ఇంటి ఖర్చులో మంచి భాగం కొన్నేళ్లుగా దీని మీదే నడుస్తున్నాయి. కాకపోతే వీడియోల్లో చెప్పే "రోజుకు రెండు గంటలు, నెలకు లక్ష" మాత్రం నాకు ఇంతవరకూ ఎదురుపడలేదు.

ముందు టైము సంగతి చూసుకోండి. ఏ పని అనేదానికన్నా ఏ దేశం పని అనేదే మన సంసారానికి ముఖ్యం. న్యూయార్క్‌లో ఉదయం తొమ్మిదంటే మనకు ఎండాకాలంలో సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. కాలిఫోర్నియా అయితే రాత్రి తొమ్మిదిన్నర, పదిన్నర. సరిగ్గా పిల్లలకు అన్నాలు పెట్టి పడుకోబెట్టే వేళకు మీటింగులు మొదలవుతాయి. ఆస్ట్రేలియా దీనికి పూర్తిగా తిరగేసి ఉంటుంది. బ్రిస్బేన్‌లో తొమ్మిదయ్యేసరికి మనకు తెల్లవారుజామున నాలుగున్నర. సిడ్నీ, మెల్‌బోర్న్‌లలో అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా గడియారాన్ని గంట ముందుకు జరుపుతారు కాబట్టి అప్పుడు మూడున్నర. అంత పొద్దున్నే లేవమని ఎవరూ అనరు. నేను ఐదింటికి కూర్చుంటాను, మధ్యలో పిల్లల్ని బడికి పంపి మళ్లీ కూర్చుని, మధ్యాహ్నం వంటకు ముందే ముగిస్తాను. పెర్త్ క్లయింట్ దొరికితే ఇంకా సుఖం, వాళ్ల తొమ్మిది మనకు ఆరున్నర.

పని ఎలా ఉంటుందో చెప్తాను. అక్కడ ట్యాలీ లేదు. జీరో అనే సాఫ్ట్‌వేర్ (స్పెల్లింగు ఎక్స్ అక్షరంతో మొదలవుతుంది, న్యూజిలాండ్ కంపెనీది), క్విక్‌బుక్స్, ఎమ్‌వైఓబీ వాడతారు. బ్యాంకు లావాదేవీలు వాటంతట అవే సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చి పడతాయి. ఒక్కో లైనూ ఏ ఖర్చో తేల్చి, బిల్లుతో సరిచూసి, జీఎస్‌టీ ఉందో లేదో పెట్టడమే మన పని. అక్కడ జీఎస్‌టీ ఒకటే రేటు, 10 శాతం. వినడానికి మనకన్నా సులువు. కానీ ఓ ప్లంబరు తన ఆఫీసుకు సూపర్ మార్కెట్లో కొన్న సరుకుల రసీదు ఫోటో తీసి పంపాడనుకోండి. అందులో పాలకు, బ్రెడ్‌కు పన్ను లేదు. బిస్కెట్ ప్యాకెట్‌కు ఉంది. పన్ను పడే సరుకు పక్కన రసీదులో చిన్న గుర్తు ఉంటుంది. అది చూడకుండా మొత్తానికీ 10 శాతం లెక్కేస్తే లెక్క తప్పుతుంది. ఆ ఫోటో కూడా వ్యాన్ డాష్‌బోర్డు మీద నలిగి, ఎండకు సగం అక్షరాలు వెలిసిపోయాక తీసి ఉంటాడు. మన పనితనమంతా ఇలాంటి చోటే కనిపిస్తుంది. డెబిట్, క్రెడిట్ తెలిసిన ఎవరైనా మిగతాది నెల రోజుల్లో పట్టేస్తారు. జీరో, క్విక్‌బుక్స్ రెండూ అకౌంటింగ్ పని చేసేవాళ్లకు శిక్షణ, సర్టిఫికెట్ ఉచితంగానే ఇస్తాయి. వాటి పేరుతో వేలకు వేలు అడిగే ఇన్‌స్టిట్యూట్ల జోలికి వెళ్లొద్దు.

ఇక అసలు మాట. దుకాణాల వాళ్లను, ప్లంబర్లను నేరుగా వెతక్కండి. అక్కడి అకౌంటెంట్లను వెతకండి. వ్యాపారులు మూడు నెలలకోసారి ఇచ్చే జీఎస్‌టీ రిటర్నును అక్కడ బ్యాస్ అంటారు. డబ్బు తీసుకుని ఇతరుల బ్యాస్ వేయాలంటే అక్కడ రిజిస్టరైన ఏజెంటు అయి ఉండాలి. మనం లెక్కలు సిద్ధం చేసి పెడతాం, వాళ్లు చూసి దాఖలు చేస్తారు. కాబట్టి మనలాంటి వాళ్ల అవసరం ఆ ఏజెంట్లకే ఎక్కువ. ఒక్క అకౌంటెంటుకు మీ మీద నమ్మకం కుదిరితే వాళ్ల దగ్గరున్న ఫైళ్లు ఒకదాని వెంట ఒకటి మీకే వస్తాయి. నా పనిలో ముప్పాతిక వంతు ఇద్దరు అకౌంటెంట్ల నుంచే వస్తోంది.

వాళ్లను ఎక్కడ పట్టుకోవాలంటే, మొదట అప్‌వర్క్ లాంటి, ఫ్రీలాన్స్ పనులు దొరికే వెబ్‌సైట్లలోనే. అక్కడ ప్రపోజల్ పంపడానికి కనెక్ట్స్ అనే టోకెన్లు కొనుక్కోవాలి, ఒక్కోటి 15 సెంట్లు. వచ్చిన డబ్బులో కమిషన్ పోతుంది. గంటల లెక్కన చేస్తే అప్‌వర్క్ యాప్ ప్రతి పది నిమిషాల్లో ఎప్పుడో ఒకసారి మీ స్క్రీన్ ఫోటో తీస్తుంది. మా ఆయనకు అది నిఘాలా అనిపించింది కానీ, నాకు అదే ధైర్యం. నియమాల ప్రకారం నమోదైన గంటలకు క్లయింటు డబ్బు ఎగ్గొట్టడం కష్టం. నేను గంటకు ఆరు డాలర్లతో మొదలుపెట్టాను. ఒక ఏడాది మంచి రివ్యూలు వచ్చాక రేటు పెంచమని అడిగితే పెద్దగా ఎవరూ కాదనలేదు. విదేశాల్లో ఉన్న చుట్టాల ద్వారా వచ్చే పని మాత్రం ఆలోచించి ఒప్పుకోండి. "మనవాళ్లే కదా" అన్న మాట వినపడిందంటే డబ్బు ఆలస్యమని అర్థం.

మోసాల గురించి మీ భయం నిజమే. మన వైపు బాగా నడుస్తున్నది డేటా ఎంట్రీ మోసం. మా తోడికోడలికి జరిగింది. ముందు ఆధార్ కాపీ తీసుకుని, అగ్రిమెంట్ మీద ఆన్‌లైన్లో సంతకం పెట్టించుకుంటారు. వందల ఫారాలు ఇచ్చి నాలుగైదు రోజుల గడువు పెడతారు. పూర్తి చేశాక తప్పులెక్కువ ఉన్నాయి, డబ్బు రాదంటారు. అక్కడితో ఆగినా బాగుండేది. తర్వాత "లాయర్"నంటూ ఒకడు ఫోన్ చేసి, అగ్రిమెంట్ ఉల్లంఘించారు, కోర్టు నోటీసు వస్తుంది, వేలల్లో కట్టి సెటిల్ చేసుకోండని బెదిరిస్తాడు. వాట్సాప్‌లో అశోక స్తంభం బొమ్మతో కాగితం కూడా పంపాడు. పైసా కట్టకండి, నంబరు బ్లాక్ చేసి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఆవిడ అదే చేసింది, ఏ కోర్టు నుంచీ ఏ కాగితమూ రాలేదు. పని ఇవ్వడానికి ముందు డబ్బు అడిగినా, టెలిగ్రామ్‌లోకి రమ్మన్నా, మీ అప్‌వర్క్ ఖాతా అద్దెకిస్తే నెలనెలా ఇంత ఇస్తామన్నా అక్కడే ఆపేయండి. చివరిది మరీ ప్రమాదం, ఎవరు ఏం చేసినా పేరు మీది.

డబ్బు విషయానికొస్తే, పేపాల్ సులువే కానీ గూగుల్లో కనిపించే డాలర్ రేటుకూ మన చేతికొచ్చే రేటుకూ తేడా చూస్తే ఉసూరుమంటుంది. నేను వైజ్ అనే డబ్బు బదిలీ సేవ వాడతాను. డబ్బు వచ్చేటప్పుడు అది దేనికి వచ్చిందో చెప్పే పర్పస్ కోడ్ అడుగుతారు. లెక్కల పనికి పీ1005. విదేశాల నుంచి డబ్బు వచ్చినట్టు ఇచ్చే పత్రాన్ని ప్రతిసారీ దాచుకోండి. మనకు టీడీఎస్ కోసేవాళ్లెవరూ ఉండరు, కాబట్టి పన్ను మనమే గుర్తుపెట్టుకుని కట్టాలి. మా ఆడిటర్ గారు 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలోని 44ఏడీఏ సెక్షన్ పద్ధతిలో రాబడిలో సగాన్ని ఆదాయంగా చూపిస్తూ వచ్చారు. అందులో ముందస్తు పన్ను మార్చి 15లోగా ఒకేసారి కడితే చాలు. రాబడి ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్‌టీ రిజిస్ట్రేషన్, ఎల్‌యూటీ (విదేశీ పనికి జీఎస్‌టీ కట్టకుండా బిల్లు వేయడానికి ఇచ్చే హామీ పత్రం) కావాలి. ఆ స్థాయి వచ్చినప్పుడు చూసుకోవచ్చు. పీఎఫ్ లేదు, మెడికల్ లేదు, జీతం స్లిప్పు లేదు. లోన్ కోసం వెళ్తే బ్యాంకులో అడిగేది ఐటీ రిటర్నులే, అందుకని పన్ను పడకపోయినా మొదటి ఏడాది నుంచే వేయండి.

ఇంట్లో వాళ్లను ఒప్పించడం వేరే ఉద్యోగం. "ఇంట్లోనే కదా ఉంది" అని గ్యాస్ బండి, కొరియరు, పక్కింటావిడ పంచాయితీ అన్నీ మన నెత్తినే పడతాయి. మా అత్తయ్యకు నా పని నచ్చింది గానీ, నేను కాల్‌లో ఉన్నప్పుడే చట్నీకి మిక్సీ గుర్తొస్తుంది. గోడ మీద కాల్స్ టైములు రాసిపెట్టాక కొంత నయం. కరెంటు పోతే లాప్‌టాప్ ఆగదు, రూటర్ ఆగుతుంది. రూటర్‌కు పెట్టే చిన్న యూపీఎస్ కొనండి, ఫోన్‌లో వేరే కంపెనీ సిమ్ ఒకటి ఉంచుకోండి.

వాళ్ల లెక్కల ఏడాది జూన్ 30తో ముగుస్తుంది. బ్యాస్ గడువులు జూలై 28, అక్టోబరు 28, ఫిబ్రవరి 28, ఏప్రిల్ 28. ఆ తేదీలకు మూడు నాలుగు వారాల ముందే అకౌంటెంట్లకు మనుషులు చాలక ప్రకటనలు పడతాయి, కొత్తవాళ్లకు కూడా అవకాశం ఇచ్చేది అప్పుడే. జీరోలో డెమో కంపెనీ అని ఉచితంగా ఉంటుంది. ఈలోగా దాని మీద బ్యాంకు లైన్లు సరిచూడటం చెయ్యి తిరిగేదాకా చేసి, ఆ స్క్రీన్‌షాట్లతోనే మొదటి ప్రపోజల్ పంపండి.