పెళ్లి కేకుకు 42 వేలా? కార్డు గీకేముందు ఈ లెక్క చూడండి

ప్రశ్న: మా అమ్మాయి పెళ్లి జనవరిలో, సికింద్రాబాద్‌లోని మా చర్చిలో. రిసెప్షన్‌కు 300 మంది వస్తారు. మూడంతస్తుల ఫాండెంట్ కేకుకు (చక్కెర ముద్దను పొరలా పరిచి కప్పేది) బేకరీవాళ్లు 42 వేలు చెప్పారు. 18 కిలోలు, కిలో 1,600 చొప్పున 28,800. చక్కెర పూలకు 9,000. స్టాండు, రవాణా కలిపి 4,200. కేకు కోసం నేను దాచింది 25 వేలు. మొత్తం క్రెడిట్ కార్డు మీద 12 నెలల ఈఎంఐ పెట్టేసి, ఆ 25 వేలు వేరే ఖర్చులకు ఉంచుకుందామంటారు మావారు. అమ్మాయికేమో వాళ్ల నానమ్మ చేసే ఫ్రూట్ కేకే కావాలట. అత్తగారు ఇప్పుడు లేరు, ఆవిడ కొలతలు రాసిపెట్టిన పుస్తకం ఉంది. అదే బేకరీలో ఐసింగ్ లేని ప్లమ్ కేకు, అంటే ఫ్రూట్ కేకే, కిలో 900. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, సికింద్రాబాద్

జవాబు: మీ అమ్మాయి మాట వినండమ్మా. తను అడుగుతున్నదే తక్కువలో అయ్యే పని.

ముందు కార్డు సంగతి తేల్చేద్దాం. 42 వేలను ఏడాదికి 16 శాతం చొప్పున 12 ఈఎంఐలుగా మారిస్తే నెలకు సుమారు 3,810 కట్టాలి. వడ్డీయే 3,700 దాటుతుంది. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, పైన ప్రాసెసింగ్ ఫీజు. ఒక్క సాయంత్రంలో అయిపోయే కేకుకు మళ్లీ జనవరి దాకా కిస్తీలు కట్టడం ఎందుకు?

ఇక 18 కిలోలు. ఫ్రూట్ కేకు బరువైన పదార్థం, 40 గ్రాముల ముక్క తింటే చాలు. ఆ లెక్కన 18 కిలోలకు 450 ముక్కలొస్తాయి. మీకు వచ్చేది 300 మంది. బిర్యానీ, డబుల్ కా మీఠా, ఐస్‌క్రీమ్ అయ్యాక అందులోనూ కొందరు కేకు ముట్టరు. 12 కిలోలు ధారాళంగా సరిపోతుంది.

ఫొటోలో కనిపించే కేకు వేరు, పళ్లెంలోకి వచ్చే కేకు వేరు అనుకోండి. పై అంతస్తు 2 కిలోలు మాత్రం అసలు కేకు, కోసేది అదే. కింద రెండూ థర్మాకోల్ మీద ఐసింగ్ వేసినవి. మిగిలిన 10 కిలోలు ఐసింగ్ లేకుండా పలకలుగా చేయించి, వంటగదిలోనే కోసి పంచండి. ఇందులో చిన్నతనమేం లేదు. 1858లో విక్టోరియా రాణి పెద్దకూతురి పెళ్లి కేకులోనూ కింద అంతస్తే కేకు, పైవన్నీ చక్కెరతో కట్టినవే. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో చక్కెర కరువై, బ్రిటన్‌లో చిన్న కేకు మీద అట్ట తొడుగు బోర్లించి ఫొటోలు దిగేవారు.

మీ బేకరీ ధరల ప్రకారమే వేస్తే: పలకలకు 9,000, పై అంతస్తుకు 3,200, స్టాండు, రవాణా కలిపి 4,200. డమ్మీ అంతస్తులకు 5,000 లోపు బేరమాడండి. చక్కెర పూలు మానేసి గుడిమల్కాపూర్ మార్కెట్ నుంచి గులాబీలు తెప్పిస్తే 1,500 పెట్టుకుందాం. కాడలు నేరుగా కేకులో గుచ్చనివ్వకండి, పూలకు మందులు కొట్టి ఉంటారు. మొత్తం 22,900. మీ 25 వేలల్లోనే అయిపోయింది.

సొంతదనానికి పెద్ద ఖర్చేం లేదు, మీ దగ్గర అత్తగారి పుస్తకమే ఉంది. బేకరీ ప్లమ్ కేకు బదులు, ఆ కొలతల ప్రకారం కిస్‌మిస్, జీడిపప్పు, నారింజ తొక్కల మురబ్బా బేగంబజార్‌లో కొని, రమ్ములోనో ద్రాక్షరసంలోనో మీరే నానబెట్టండి. కేకుకు ఆ ముదురు రంగు మాడ్చిన చక్కెర పాకంతో వస్తుంది, ఆవిడ ఎంత మాడ్చేవారో ఇంట్లో ఎవరికో ఒకరికి గుర్తుండే ఉంటుంది. మన సామాను తీసుకుని కూలి తీసుకుని కాల్చిచ్చే బేకరీలు క్రిస్మస్‌కు దొరుకుతాయి. కాకపోతే డిసెంబరులో వాళ్లకు ఊపిరాడదు, నవంబరులోనే కాల్పించుకోండి. రమ్ముతో చేసిన ఫ్రూట్ కేకును గట్టిగా చుట్టి చల్లని చోట పెడితే రెండు నెలలకు పైగా నిలవుంటుంది, రుచీ పెరుగుతుంది; ద్రాక్షరసంతో చేసినదైతే ఫ్రీజర్‌లో పెట్టండి. ఖర్చు కూడా ఒక్క నెల మీద పడదు.

పై అంతస్తుకు ఫాండెంట్ వద్దు, పాతకాలపు రాయల్ ఐసింగ్ (ఆరితే గట్టిపడే తెల్లటి చక్కెర పూత) చెప్పండి. అత్తగారి పట్టుచీర ఏదైనా దాచి ఉంటే దాని అంచు ఫొటో తీసి బేకర్‌కు చూపించండి. గద్వాల చీర అయితే మరీ సులువు: గుడి గోపురాల్లా వరసగా నిలబడే ఆ త్రికోణాలను గొట్టంతో తెల్లగా గీసేయొచ్చు. పేర్లు రాసిన ప్లాస్టిక్ బొమ్మల జంట కంటే అది వెయ్యి రెట్లు నయం (ఇది ఆర్థిక సలహా కాదు, నా అభిప్రాయం). రాయల్ ఐసింగ్‌లో గుడ్డు తెల్లసొన ఉంటుంది. శాకాహారులకూ, మద్యం ముట్టనివారికీ తెలిసేలా పళ్లేల దగ్గర ఒక చీటీ పెట్టించండి.

అడ్వాన్సు ఇచ్చేముందు కాగితం మీద రాయించుకోండి: ఏ అంతస్తు అసలుది, ఏది డమ్మీ, బరువెంత, ఎన్నింటికి హాలుకు చేరాలి, స్టాండు డిపాజిట్ ఎప్పుడు తిరిగిస్తారు. 2025 సెప్టెంబరు 22 నుంచి కేకుల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది. మీ కొటేషన్‌లో ఇంకా పాత రేటే వేసి ఉంటే మార్చమనండి.