అలాస్కా ఓడ ఎక్కబోయే చెల్లెలికి

విశాఖపట్నం

చిరంజీవి సౌభాగ్యవతి చెల్లికి,

అక్క ఆశీస్సులు. జులైలో అబ్బాయి మిమ్మల్నిద్దరినీ సియాటిల్ నుంచి ఏడు రాత్రుల అలాస్కా ఓడ ప్రయాణానికి తీసుకెళ్తున్నాడని నిన్న ఫోనులో విని ఎంత పొంగిపోయానో చెప్పలేను. ఆ వెంటనే నువ్వన్న మాటే నన్ను ఇలా కలం పట్టించింది. "నాకేం తెలుసక్కా, అన్నీ వాడే చూసుకుంటాడు" అన్నావు. వాడు చూసుకుంటాడు, నాకు అనుమానం లేదు. టికెట్లు కొంటాడు, గది తీసుకుంటాడు, రేవుదాకా కారులో దింపుతాడు. కానీ నీ మోకాళ్లు మెట్ల దగ్గర ఎంత సతాయిస్తాయో, మరిదిగారికి ఏ వేళకు ఏ మాత్ర పడాలో, ఉల్లిపాయ ఏ రోజు ముట్టవో వాడికేం తెలుసు? మేం 2018లో ఒకసారి, 2023లో ఒకసారి ఇదే ప్రయాణం చేశాం. మొదటిసారి అన్నీ పిల్లలకే వదిలేశాం. రెండోసారి నేనే దగ్గరుండి చూసుకున్నాను. ఆ రెంటికీ ఎంత తేడా ఉందో చూసినదాన్ని కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను, తీరిగ్గా చదువు.

అన్నిటికంటే ముందు కెనడా వీసా. "అలాస్కా అమెరికాలోదే కదా, మధ్యలో కెనడా ఏమిటి?" అంటావు. నేనూ అదే అడిగాను. ఆ పెద్ద ఓడలు దాదాపు అన్నీ బహామాస్, పనామా లాంటి దేశాల్లో నమోదైనవి. పరాయి దేశపు ఓడ అమెరికా రేవులో ఎక్కించుకున్నవాళ్లను వేరే దేశపు రేవు దేన్నీ తాకకుండా తిరిగి అమెరికాలోనే దింపకూడదని అక్కడ 1886 నాటి చట్టం ఒకటుంది. అందుకే సియాటిల్ ఓడలు సాధారణంగా చివరి రోజు సాయంత్రం కెనడాలోని విక్టోరియా రేవులో కొన్ని గంటలు ఆగుతాయి. నేను దిగను, గదిలోనే కూర్చుంటాను అంటే కుదరదు. మన పాస్‌పోర్టులో కెనడా వీసా లేకపోతే సియాటిల్ రేవులోనే ఆపేస్తారు, టికెట్ డబ్బు కూడా తిరిగి రాదు. 2018లో వరుసలో మా ముందున్న దంపతులకు సరిగ్గా అదే జరిగింది. ఇద్దరికీ అరవై దాటాయి. కొడుకు కౌంటరు దగ్గర బతిమాలుతుంటే ఆవిడ పెట్టె మీద కూర్చుని, చేతిలో ఉన్న ఓడ కాగితాన్ని మడిచి విప్పి, మడిచి విప్పి, అలాగే చూస్తూ ఉండిపోయింది. ఆ ముఖం నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది.

గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు ఈ వీసా అక్కర్లేదు. అబ్బాయిది ఉద్యోగ వీసా కాబట్టి వాడికీ కావాలి, కోడలికీ కావాలి. చాలామంది పిల్లలు తల్లిదండ్రులకు చేయించి తమ సంగతి మరిచిపోతారు, గుర్తుచెయ్యి. మీ ఇద్దరి దరఖాస్తు మాత్రం ఇక్కడ ఉండగానే పెట్టండి. హైదరాబాదులో వేలిముద్రలు ఇవ్వాలి, ఆ తర్వాత ఎన్ని వారాలు పడుతుందో మన చేతిలో ఉండదు. ఈ నెలలోనే మొదలుపెట్టు. మరో మాట. విక్టోరియా నుంచి వెనక్కి వస్తే అది మళ్లీ అమెరికాలో ప్రవేశించడమే. అందుకని మీ అమెరికా వీసా మీద ఎన్నిసార్లైనా ప్రవేశించవచ్చని ఉందో లేదో నీ కళ్లతో చూడు. నీ పాస్‌పోర్టు నీ సంచిలోనే ఉండాలి, అబ్బాయి సంచిలో కాదు.

రెండోది మందులు. ఇది చెప్పేటప్పుడు నాకు ఇప్పటికీ గుండె దడే. రేవులో పెద్ద పెట్టెలు కూలీలు తీసేసుకుంటారు, గది నంబరున్న కాగితపు పట్టీ ఒకటి వాటికి కడతారు. మధ్యాహ్నం ఒంటిగంటకు మేం ఓడ ఎక్కాం. పెట్టెలు వెనకే వస్తాయనుకున్నాం. మీ బావగారి ఇన్సులిన్, బీపీ మాత్రలు పెద్ద పెట్టెలో ఉన్నాయి. నాలుగైంది, ఆరైంది, ఓడ కదిలింది, ఏడున్నరైనా పెట్టె లేదు. ఆయన అన్నం ముందు కూర్చుని, ఇంజెక్షన్ లేకుండా ఎలా తినాలో, తినకుండా ఎలా ఉండాలో తెలియక చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. నేనూ అమ్మాయీ ఆ పొడవాటి నడవాల్లో తలుపు తలుపుకీ ఆగి, బయట పెట్టిన పెట్టెల పట్టీలు ఒక్కొక్కటీ వంగి చదువుకుంటూ తిరిగాం. రెండంతస్తులు తిరిగాక ఎనిమిదిన్నరకు దొరికింది. కాబట్టి మరిదిగారి మందులన్నీ, పది రోజులకు కాదు, పదిహేను రోజులకు సరిపడా, వైద్యుడి చీటీతో సహా భుజానికి తగిలించుకునే సంచిలో పెట్టు. కళ్లజోడు, ఒక జత బట్టలు, స్వెట్టరు కూడా అందులోనే. ఓడలో డాక్టరు ఉంటాడు. చూపించుకుంటే డాలర్లలో బాగానే అవుతుంది, మన ఇక్కడి ఆరోగ్య బీమా సాధారణంగా అక్కడ పనిచేయదు. ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు మూడు సంగతులు అడగమను: ఓడ ప్రయాణానికి వర్తిస్తుందా, పాత జబ్బులకు వర్తిస్తుందా, సముద్రం మధ్యనుంచి హెలికాప్టరులో ఆసుపత్రికి తరలించాల్సి వస్తే ఆ ఖర్చు ఇస్తారా. షుగరు సంగతి దాచకుండా రాయించు.

కడుపులో తిప్పడం గురించి నువ్వు భయపడుతున్నావని తెలుసు, చిన్నప్పుడు అరకు బస్సులో నీ అవస్థ నేను మరిచిపోలేదు. ఈ దారిలో చాలా భాగం దీవుల మధ్యనుంచి వెళ్తుంది, అక్కడ నీళ్లు చెరువులా ఉంటాయి. సియాటిల్ వదిలాక మొదటి రాత్రి, మరుసటి రోజు, మళ్లీ తిరుగు దారిలో బయటి సముద్రం తగులుతుంది, అప్పుడు ఊగుతుంది. తిప్పడం మొదలయ్యాక మాత్ర వేసుకుంటే నిలవదు, అరగంటో గంటో ముందే పడాలి. మనం బస్సుల్లో వేసుకునే మాత్రే పనిచేస్తుంది కానీ మత్తు వస్తుంది. మరిదిగారి మందులతో కలిపి వేసుకోవచ్చో లేదో మీ డాక్టరును ముందే అడుగు. ఎండబెట్టిన అల్లం ముక్క బుగ్గన పెట్టుకుంటే నాకు హాయిగా ఉండేది. గదిలో పడుకోకుండా బయటికి వచ్చి దూరంగా ఆకాశం, సముద్రం కలిసేచోట చూపు నిలుపు.

గది తీసుకునేటప్పుడు అబ్బాయి బాల్కనీ ఉన్నది, బాగా పైనున్నది తీసుకుంటానంటాడు, ముచ్చట కొద్దీ. నా మాటగా చెప్పు: కింది అంతస్తుల్లో, ఓడ నడిమధ్యన, లిఫ్టుకు దగ్గరగా, కిటికీ ఉన్న గది చాలు. ఊగుడు పైనా, రెండు చివర్లా ఎక్కువ, మధ్యలో తక్కువ. బాల్కనీలోంచి ఒకవైపే కనబడుతుంది, పైన ఆరుబయట ఉండే డెక్ మీదికి వెళ్తే రెండు వైపులా కనబడుతుంది. ఆ మిగిలిన డబ్బుతో అలాస్కా రాజధాని జూనోలో తిమింగలాలు చూడటానికి వెళ్లండి. చలికాలమంతా హవాయి దగ్గర గడిపి, వేలాది కిలోమీటర్లు ఈదుకుంటూ మేత కోసం అక్కడికి వస్తాయవి. అయితే కిటికీ లేని లోపలి గది మాత్రం వద్దు. తెల్లవారిందో లేదో తెలియక మీ బావగారు అర్ధరాత్రి లేచి స్నానానికి వెళ్లిపోయేవారు.

ఇక తిండి. పస్తులుంటామేమో అన్న బెంగ పెట్టుకోకు. ప్రయాణానికి నెల ముందే "భారతీయ శాకాహారం" అని ఓడవాళ్లకు రాసి పంపమను. ఎక్కిన రోజు రాత్రి భోజనశాలలో పెద్ద వెయిటర్‌తో నువ్వే మాట్లాడు. వచ్చీరాని ఇంగ్లీషైనా ఫరవాలేదు, వాళ్లలో మనవాళ్లు చాలామంది ఉంటారు, హిందీలో చెప్పినా అర్థం చేసుకుంటారు. మాంసం వద్దంటే సరిపోదు. గుడ్డు వద్దు, చేప వద్దు, సూపులో కోడి రసం వద్దు అని విడివిడిగా చెప్పాలి. రేపటి భోజనం సంగతి ఈ రాత్రే చెప్పి వస్తే పప్పు, కూర, రొట్టె వేడివేడిగా చేసి పెడతారు. రెండో ప్రయాణంలో ఒక గోవా అబ్బాయి మూడోరోజు నేను అడగకుండానే తాలింపు పెట్టిన పప్పు తెచ్చి పక్కన నిలబడ్డాడు, ఎలా ఉందో చెప్పమని. ఆవాలు చిటపటలాడిన వాసన తగిలేసరికి నా కళ్లు చెమర్చాయి. పెరుగు, అన్నం బఫేలో దొరుకుతాయి. ఊరగాయ, కందిపొడి ఇంట్లో చేసినవి చాలా ఓడల్లో లోపలికి రానివ్వరు. దుకాణంలో కొన్న, సీలు విప్పని పొట్లాలైతే అభ్యంతరం ఉండదు. అయినా నియమాలు ఓడకొక రకం, అబ్బాయిని చదివి చెప్పమను. ఓడలో తీసుకున్న అరటిపండైనా సంచిలో వేసుకుని రేవులో దిగకు. బఫేకి వెళ్లే ముందు ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కో, గుమ్మం దగ్గర చల్లే మందు ఒక్కటే చాలదు. ఓడల్లో పట్టుకునే వాంతులు, విరేచనాల వైరస్ దానికి సరిగా లొంగదు.

కెటిల్, రైస్ కుక్కర్, ఇస్త్రీపెట్టె ఇంట్లోనే వదిలెయ్యి. అగరొత్తులు, దీపం వత్తులు కూడా. ఓడలో నిప్పంటే ప్రాణభయం, తనిఖీలో తీసి పక్కన పెట్టేస్తారు. నీ పూజ చిన్న పటం ముందు పువ్వుతో కానివ్వు.

బట్టల విషయంలో జులై అని మోసపోకు. పగలు కూడా మన డిసెంబరు అరకులా ఉంటుంది. ఒక్క లావుపాటి కోటు కంటే లోపల పల్చటి ఉన్ని బట్ట, పైన స్వెట్టరు, ఆపైన వానకు తడవని జాకెట్టు, ఇలా పొరలుగా వేసుకుంటే కావలసినప్పుడు ఒక్కొక్కటే తీసెయ్యవచ్చు. దారిలో వచ్చే కెచికాన్ అనే రేవు ఊళ్లో ఏడాదికి 3,500 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది, మన విశాఖకు మూడు రెట్లు. గొడుగు ఆ గాలికి నిలవదు. అరికాలు జారని బూట్లు కొనుక్కో, ఇక్కడే నెలరోజులు తొడిగి నడువు. పట్టుచీర ఒకటి తప్పకుండా పెట్టుకో. ఒకటి రెండు రాత్రులు అందరూ అలంకరించుకుని భోజనానికి వస్తారు, కంచిపట్టు కట్టుకుని వెళ్తే చూడు ఎంత గౌరవంగా చూస్తారో. డెక్ మీదికి మాత్రం చీర వద్దు, ఆ గాలికి కుచ్చెళ్లు కాళ్లకు చుట్టుకుంటాయి. సల్వారు మేలు.

ఎక్కిన రోజు భద్రతా అభ్యాసం ఉంటుంది. అలసిపోయామని గదిలో ఉండిపోకండి. 2012 జనవరిలో ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా అనే ఓడ రాతికి కొట్టుకుని ఒరిగిపోయి 32 మంది పోయారు. ఆ సాయంత్రమే ఎక్కినవాళ్లకు ఈ అభ్యాసం ఇంకా జరగనే లేదు. ఆ తర్వాతే ఓడ బయలుదేరే వేళకే అది పూర్తికావాలన్న నిబంధన వచ్చింది. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత వినిపిస్తే మీకు చెప్పిన చోటికి చేరాలి. అప్పుడు లిఫ్టు వాడకూడదు. కాబట్టి ఆ మొదటి సాయంత్రమే మీ గది నుంచి మెట్లదాకా ఎన్ని తలుపులో లెక్కపెట్టుకుని, ఆ మెట్లు ఒకసారి నెమ్మదిగా ఎక్కి దిగి చూసుకో. నీ మోకాళ్లకు ఎంతసేపు పడుతుందో నీకు తెలిసి ఉండాలి.

రేవుల్లో దిగినప్పుడు ఓడ గడియారమే గడియారం. అలాస్కా సమయం సియాటిల్ కంటే గంట వెనక, ఫోను ఎప్పుడు మారుతుందో చెప్పలేం. మరిదిగారి చేతి వాచీ ఓడ సమయానికి తిప్పి పెట్టుకోమను. జూనో పేరుకు రాజధానే అయినా బయటి ఊళ్లనుంచి అక్కడికి రోడ్డు లేదు. ఓడ వెళ్లిపోతే విమానమో, వేరే పడవో దిక్కు. స్కాగ్వే అనే రేవు ఊళ్లో బంగారం వేట రోజుల్లో, 1898లో మొదలుపెట్టి రెండేళ్లలో వేసిన కొండ రైలు ఉంది, అది ఎక్కండి. మోకాళ్లకు శ్రమ లేకుండా లోయలన్నీ చూపిస్తుంది. కొన్ని రైళ్లు కెనడా సరిహద్దు దాటుతాయి, ఆ రోజు పాస్‌పోర్టులు తప్పక దగ్గర ఉంచుకోండి.

సముద్రంలో ఫోను విమానపు మోడ్‌లో పెట్టెయ్, లేకపోతే బిల్లు చూసి కళ్లు తిరుగుతాయి. పనివాళ్లకిచ్చే బహుమానం, అదే టిప్పు, మనిషికి రోజుకు సుమారు 16 నుంచి 20 డాలర్లు ఖాతాలోనే రాసేస్తారు. తర్వాత కంగారు పడకుండా ముందే లెక్కలో వేసుకోమను.

మీ ఓడ గ్లేసియర్ బే అనే అఖాతం లోపలికి వెళ్తుందో లేదో అబ్బాయిని అడుగు, అదొక జాతీయ పార్కు. రోజుకు రెండు పెద్ద ఓడలనే రానిస్తారక్కడ. వెళ్లేదైతే ఆ ఉదయం టిఫిను మానుకునైనా సరే, ఆరింటికల్లా పై డెక్ మీద ఉండండి. పార్కు ఉద్యోగులు ఓడలోకి వచ్చి మైకులో చెబుతారు. 1794లో ఆ అఖాతమంతా మంచుతో మూసుకుపోయి ఉందట, ఇప్పుడు ఓడ వంద కిలోమీటర్లు లోపలికి పోగలుగుతోంది. చివరన మంచు గోడ ముందు ఇంజను తగ్గించి నిలబెడతారు. తెల్లగా ఉంటుందనుకుంటావు, పగుళ్లలోపల నీలిమందు రంగు. మేం చూస్తుండగా ఇంటి గోడంత పలక ఒకటి నిశ్శబ్దంగా జారి నీళ్లలో పడింది. పడిపోయిన తర్వాత వచ్చింది శబ్దం, కొండల్లో ఉరిమినట్టు. అక్కడి ట్లింగిట్ అనే ఆదివాసీ జనం దాన్ని తెల్లని ఉరుము అంటారట. మీ బావగారు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు, ఇద్దరం చాలాసేపు మాట్లాడలేదు.

ఆయన బైనాక్యులర్లు, నా ఉన్ని చేతి తొడుగులు వచ్చే వారం తమ్ముడు రాజమండ్రి వస్తుంటే పంపుతున్నాను. మెడకు వేసుకునే తాడు కొత్తది కట్టాను. వీసా దరఖాస్తు పెట్టిన రోజు నాకు ఫోను చెయ్యి.

ఇట్లు,
మీ అక్క