పసుపు కుంకుమ పొలం, అమ్మాయి పైలట్ చదువు

మాది గుంటూరు. మా ఆయన మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్లో గుమస్తా. అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో ఏడు. పైలట్ అవుతానని ఆరు నెలలుగా ఒకటే పట్టు. మా పుట్టింటివాళ్లు పసుపు కుంకుమ కింద ఇచ్చిన ఎకరంన్నర పొలం ఉంది. అది అమ్మితే పెళ్లికే గానీ చదువుకి కాదంటారు ఆయన. రాత్రిళ్లు ఊళ్లు తిరిగే పిల్లని ఎవరు చేసుకుంటారని అత్తగారు. కళ్లద్దాలున్నవాళ్లని తీసుకోరని మరిది. నెల రోజులుగా అమ్మాయి నాతో మాట్లాడటం లేదు. ఆయనకి ఎలా నచ్చచెప్పాలి?
– ఒక తల్లి, గుంటూరు

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ ఆయన మాట ఉంది, అత్తగారి మాట ఉంది, ఆఖరికి మరిది మాట కూడా ఉంది. మీరేమనుకుంటున్నారో ఒక్క ముక్క లేదు. అమ్మాయి అలిగింది కూడా మీ మీదే, చూశారా? నాన్న వద్దంటాడని తనకి ముందే తెలిసి ఉంటుంది. అమ్మ ఏమంటుందో అని ఎదురుచూసి ఉంటుంది. మీరు ఔననీ అనలేదు, కాదనీ అనలేదు. మీకూ భయంగా ఉంటే ఆ మాటే చెప్పండి. "నాకు భయమే, కానీ నీ మాట పూర్తిగా వింటాను" అంటే చాలు, ముందు మాటలు కలుస్తాయి.

మరిదిగారి సంగతి తేల్చేద్దాం. అద్దాలతో చూపు సరిపోతే పైలట్ కావచ్చు. రంగులు సరిగ్గా గుర్తుపట్టలేకపోతే మాత్రం చిక్కు. చుక్కల బొమ్మల మధ్య దాగిన అంకె చదవమంటారు, ఆ పరీక్ష గుంటూరులో ఏ కంటి డాక్టరు దగ్గరైనా చేయించవచ్చు. అది అయ్యాక డీజీసీఏ, అంటే పైలట్ లైసెన్సులిచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ, గుర్తించిన డాక్టర్ల దగ్గర క్లాస్ టూ మెడికల్ అనే ఆరోగ్య పరీక్ష, ఆపైన ఇంకా గట్టిదైన క్లాస్ వన్. ఈ రెండూ చేతికి రాకుండా ఏ ఫ్లయింగ్ స్కూలుకీ పెద్ద మొత్తం కట్టకండి. ముందు ఫీజు కట్టి, తర్వాత మెడికల్‌లో ఆగిపోతే ఆ బాధ మీ ఇంట్లో ఎన్నేళ్లయినా పోదు.

ఇక డబ్బు. ఇక్కడ మాత్రం మీ ఆయన్ని నేను తప్పుపట్టను. లైసెన్సుకి కావలసిన 200 గంటల ఫ్లయింగ్, హాస్టలు, పరీక్షలు కలిపితే అర కోటి దాకా అవుతుంది. లైసెన్సు వచ్చాక ఫలానా విమానం నడపడానికి టైప్ రేటింగ్ అని ఇంకో ఖర్చు. ఇంతా చేసి ఉద్యోగం కోసం ఏళ్ల తరబడి చూస్తున్నవాళ్లూ ఉన్నారు. నెల జీతం మీద బతికే మనిషి గుండె గుభేలుమనదా? ఆయన నోట పెళ్లి మాట వస్తోంది గానీ, లోపల ఉన్నది ఈ లెక్కే అనిపిస్తోంది నాకు.

అందుకని పొలం ఊసెత్తకుండా మొదలయ్యే పని ఒకటి చెబుతాను. ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ ఉన్నాయి కాబట్టి అర్హతకి లోటు లేదు. నావిగేషన్, వాతావరణం, రెగ్యులేషన్స్ వంటి డీజీసీఏ పేపర్లు విమానం ఎక్కకముందే రాయొచ్చు. ఒక్కోదానిలో నూటికి 70 రావాలి. ఒక ఏడాది గడువు పెట్టి, ఇవి పాసై చూపించమనండి. పిల్ల పట్టుదల ఎంతో ఆయనకీ తెలుస్తుంది, తనకీ తెలుస్తుంది. పాసైతే అప్పుడు బ్యాంకు లోను, తాకట్టు సంగతి. అప్పుడైనా పొలమంతా ఒడ్డమని నేననను.

అన్నట్టు, పట్టాదారు పాసుపుస్తకం ఎవరి పేరున ఉంది? నోటిమాటగా ఇచ్చి వదిలేశారా, రిజిస్టర్ చేయించారా? మీ పేరునే ఉంటే మీ సంతకం లేకుండా ఎవరూ అమ్మలేరు. ఈ మాట గొడవలో విసరడానికి చెప్పడం లేదు, మీకు తెలిసి ఉండాలని.

అత్తగారికి బెజవాడ పిల్ల కథ చెప్పండి. ఆనీ దివ్య విజయవాడలో పెరిగారు. తండ్రి ఆర్మీలో చేశారు. 17 ఏళ్లకి ఉత్తరప్రదేశ్‌లోని ఫుర్సత్‌గంజ్ ఫ్లయింగ్ అకాడమీకి వెళ్లి, ఇంగ్లిష్ రాక ఇబ్బందిపడ్డానని ఆవిడే చెప్పారు. 19కి ఎయిరిండియాలో చేరి, 30 ఏళ్లకి బోయింగ్ 777 కమాండర్ అయ్యారు. ఇంకా వెనక్కి పోతే, ఎన్నో కంపెనీలు వద్దన్న ప్రేమ్ మాథుర్‌కి, మన దేశపు తొలి మహిళా కమర్షియల్ పైలట్‌కి, పైలట్ ఉద్యోగం ఇచ్చింది హైదరాబాద్ దక్కన్ ఎయిర్‌వేసే, 1940ల చివర్లో. ఇప్పుడు మన దేశంలో వందమంది పైలట్లలో పన్నెండు పదిహేనుమంది ఆడవాళ్లే, ప్రపంచ సగటు ఐదు దగ్గరే ఉంది. రాత్రి డ్యూటీ ఉన్నా కారొచ్చి తీసుకెళ్తుంది, బస కంపెనీదే. మీ మిర్చి యార్డులో సీజన్లో మీ ఆయన ఇంటికొచ్చే వేళ కూడా అర్ధరాత్రేగా! రేపు అమ్మాయిని చేసుకునేవాడికి ఇవేవీ ఇష్టం లేకపోతే, ఆ సంగతి పెళ్లికి ముందే తెలియడం మంచిది కదూ?

ఈ ఆదివారం మీ ఆయన భోజనం చేసి తీరిగ్గా కూర్చున్నప్పుడు, ఫీజు సంగతి ఎత్తకుండా కంటి పరీక్ష ఒక్కటే అడగండి. అమ్మాయిని డాక్టరు దగ్గరికి ఆయన్నే తీసుకెళ్లమనండి. ఆ చుక్కల్లో అంకె పిల్ల చదువుతుంటే ఆయన పక్కనే ఉండాలి.