వైఫై మాత్రమే తెగుతుంటే ముందు ఛానెల్ చూడండి

కేబుల్ పెట్టిన కంప్యూటర్‌కు ఇంటర్నెట్ బాగానే వస్తోందని, సాయంత్రం పూట ఫోన్లలో వైఫై మాత్రం తెగి మళ్లీ వస్తోందని రాశారు. అంటే లోపం లైనులో లేదు. కొత్త రూటర్ కొనే ఆలోచన ప్రస్తుతానికి పక్కన పెట్టండి. ఆ వేళకు ఇరుగుపొరుగు రూటర్ల రద్దీ పెరుగుతుంది. ఛానెల్ అంటే వైఫై సంకేతం నడిచే రేడియో దారి. దాన్ని తనే ఎంచుకునే ‘ఆటో’లో ఉన్న మీ రూటర్ ఛానెల్ మార్చినప్పుడల్లా ఫోన్లు విడిపోయి మళ్లీ కలుస్తుండవచ్చు, నా అనుమానమంతా దాని మీదే. సెట్టింగుల్లో 2.4 గిగాహెర్ట్జ్ విభాగం తెరిచి, ఆటో తీసేసి, 1, 6, 11 ఛానెళ్లలో ఖాళీగా ఉన్నదాన్ని ఎంచుకోండి. ఛానెల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ చాలు. రూటర్ దగ్గర వాడే ఫోన్లను 5 గిగాహెర్ట్జ్‌కు మార్చి, రూటర్‌లో దానికి 36 నుంచి 48 లోపు ఛానెల్ పెట్టండి. 52వ ఛానెల్ వద్దు, అక్కడ రాడార్ సంకేతం తగిలితే రూటర్ వెంటనే దాన్ని వదిలేయాల్సిందే. మైక్రోవేవ్ పక్కన రూటర్ ఉంటే దూరంగా జరపండి. అయినా తెగితే, ఆ నిమిషంలో రూటర్ లాగ్‌లో (జరిగినవన్నీ అది రాసుకునే చిట్టాలో) నమోదైన వరుసలు పంపండి, చూద్దాం.