క్రాఫ్ట్ బీరు బల్ల దగ్గరికి మొదటిసారి వెళ్ళబోతున్న చీపురుపల్లి తమ్ముడికి

మీరు అడిగినవి మూడు. ఆఫీసులో తోటివారు శనివారం సాయంత్రం క్రాఫ్ట్ బీర్లు, అంటే చిన్న తయారీదారులు కాచే రకరకాల బీర్లు, రుచి చూసి పోల్చుకునే కూటానికి పిలిచారు, వెళ్ళవచ్చా. వెళితే చేతిలో ఏం పట్టుకెళ్ళాలి. బీరు గురించి ఏమీ తెలియని మనిషి అక్కడ ఏం మాట్లాడాలి. చీపురుపల్లి నుంచి అమెరికాలో ఆరెగన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్ వచ్చి ఇంకా ఎంతో కాలం కాలేదు కనుక, ఇంత చిన్న విషయాలు అడుగుతున్నందుకు ఏమీ అనుకోవద్దని కూడా రాశారు. నాకు ఇవి చిన్న విషయాలుగా కనబడలేదు. విజయనగరం నుంచి ఈ ఊరు వచ్చిన కొత్తలో నాకూ ఇలాంటి పిలుపే వచ్చింది. ఎవరినీ అడగకుండా, ఏదో పని ఉందని చెప్పి తప్పించుకుని, ఒక చలికాలమంతా గదిలో ఒక్కడినే గడిపాను. అందుచేత తప్పకుండా వెళ్ళండి.

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. 21 ఏళ్ళు నిండి ఉండాలి, పాస్‌పోర్టు జేబులో ఉండాలి. ఆ సాయంత్రం కారు తాళాలు ఇంట్లో వదిలేసి ఈ ఊళ్ళో తిరిగే మ్యాక్స్ రైలెక్కి వెళ్ళండి. వీసా మీద ఉన్నవారు తాగి బండి నడిపి అరెస్టయితే, కోర్టులో కేసు తేలకముందే వీసా రద్దయ్యే ప్రమాదం ఉంది. మిగిలిన నిబంధనలు ప్రభుత్వ వెబ్‌సైట్లలో ఉంటాయి, చదువుకోండి.

నన్ను కలవరపెట్టేది మీ ఒంటరితనం. మీరు ఆ మాట రాయలేదు కానీ, ఉత్తరంలో రెండుసార్లు వాన గురించి రాశారు. నవంబరు వచ్చేసరికి ఇక్కడ వాన మొదలవుతుంది, డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది. చలికాలంలో మనకూ విజయనగరానికీ పదమూడున్నర గంటల తేడా. ఇక్కడ రాత్రి ఏడింటికి మీరు ఫోను చేస్తే అక్కడ మరునాడు ఉదయం ఎనిమిదిన్నర. నాన్నగారు ఆఫీసుకు బయలుదేరుతుంటారు, అమ్మ వంటింట్లో ఉంటారు, అందరూ ప్రేమగానే మాట్లాడి తొందరగా పెట్టేస్తారు. ఆ తరువాత నిద్ర పట్టే దాకా ఉండే ఆ మూడు నాలుగు గంటలు ఎలా గడుస్తాయన్నదే ఇక్కడ బతకడంలో అసలు సమస్య అని నా అభిప్రాయం. జీతం, పన్నులు, గ్రీన్‌కార్డు అన్నీ దాని తరువాతే.

ఆ గంటలను నేను మొదట తప్పుడు దారిలో గడిపాను. మా ఇంటి దగ్గరి ట్యాప్‌రూములో, అంటే పీపాల్లోంచి నేరుగా బీరు పోసి అమ్మే చోట, గ్రౌలర్ నింపించుకుని గదికి తెచ్చుకునేవాణ్ణి. గ్రౌలర్ అంటే 64 ఔన్సులు, అంటే రెండు లీటర్లకు కాస్త తక్కువ పట్టే పెద్ద సీసా. మూత తీసిన ఒకటి రెండు రోజులకే గ్యాసు పోయి అందులో బీరు చప్పబడిపోతుంది. గదిలో పంచుకునే మనిషి లేడు, డబ్బు పోసి కొన్నదాన్ని పారబోయడానికి మనసు ఒప్పదు, అందువల్ల ఉన్నదంతా నేనే తాగేవాణ్ణి. కొన్నాళ్ళకు ఆకలి తగ్గింది, ఇంటికి ఫోను చేయడం తగ్గింది, ఆదివారాలు మధ్యాహ్నం దాకా లేవకపోవడం అలవాటయింది. గ్రౌలర్ నలుగురు కూర్చున్న చోటికి తీసుకుపోవడానికి చేసిన వస్తువు, ఒంటరి మనిషి గదికి కాదు. ఈ ఉత్తరంలో మిగిలినదంతా మరచిపోయినా ఈ ఒక్కటి గుర్తుంచుకోండి: మొదటి ఏడాది ఇంట్లో ఒక్కరే ఉన్నప్పుడు సీసా తెరవవద్దు.

మన జిల్లాల్లో తాగడం ఎలా నేర్చుకుంటామో మీకు తెలుసు. నా చిన్నతనంలో, 1995లో, రాష్ట్రంలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చి 1997లో సడలిపోయింది. నిషేధం పోయినా దాచుకుని తాగే పద్ధతి పోలేదు. వైన్ షాపు దగ్గర స్ట్రాంగ్ బీరు కొని, తోట వెనకో చెరువుగట్టు మీదో నిలబడి, ఎవరైనా చూసేలోగా గబగబా మింగడమే మనకు తెలిసిన విద్య. గొంతు దిగడమే ముఖ్యం కనుక అది ఎంత చల్లగా ఉంటే అంత మంచిదనుకుంటాం. ఇక్కడి కూటంలో పని పూర్తిగా వేరు. ఒక గ్లాసులో అరచేతి లోతు బీరు పోసి, రంగు చూసి, వాసన చూసి, ఒక గుక్క నోట్లో తిప్పి, పక్కవారితో దాని గురించి మాట్లాడుతూ పది నిమిషాలు గడుపుతారు. ఆ పది నిమిషాల మాట కోసమే మిమ్మల్ని పొమ్మంటున్నాను.

ఇలాంటి బల్లలు ఈ ఊళ్ళో ఇన్ని ఉండడానికి కారణం ఉంది. 1970ల చివరికి అమెరికా మొత్తం మీద బీరు కంపెనీలు వందకు లోపే మిగిలాయి. ఇంట్లో బీరు కాచుకోవడానికి కేంద్ర చట్టం అనుమతించింది 1978లో. తాము కాచిన బీరును అదే కప్పు కింద కూర్చోబెట్టి అమ్ముకోవడానికి ఆరెగన్ రాష్ట్రం 1985లో అనుమతి ఇచ్చింది. ఇంట్లో కాచి చూసినవారే తరువాత చిన్న చిన్న బ్రూవరీలు తెరిచారు. ఇప్పుడు దేశంలో బ్రూవరీలు తొమ్మిది వేలు దాటాయి. తయారుచేసే మనిషి, తాగే మనిషి ఒకే గదిలో కూర్చోవడం వల్ల కొత్తవాడు ప్రశ్న అడిగితే ఇక్కడ ఎవరూ చిన్నచూపు చూడరు. ఇది తెలియక నేను చాలాకాలం తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగాను.

తీరా ఒక బల్ల దగ్గర కూర్చున్నాక, పోసిన ప్రతి గ్లాసునూ ఖాళీ చేశాను. మనం పెరిగిన ఇళ్ళలో విస్తట్లో మెతుకు వదిలితే పెద్దలు ఊరుకోరు. పోసినవారి ముందు సగం గ్లాసు పారబోయడం అమర్యాద అనుకున్నాను. బల్ల మధ్యలో ఉన్న బకెట్ అందుకోసమే పెట్టారని, అందులో పోస్తే ఎవరూ నొచ్చుకోరని అప్పటికి తెలియదు. లెక్క చూడండి. 5 శాతం ఆల్కహాల్ ఉన్న 12 ఔన్సుల సీసాను ఇక్కడ ఒక డ్రింకుగా లెక్కిస్తారు. 12 శాతం ఉన్న ఇంపీరియల్ స్టౌట్ అనే ఘాటైన నల్ల బీరు నాలుగు ఔన్సులే పోసినా, ఆ సీసాలో ఉన్న ఆల్కహాల్‌లో అయిదింట నాలుగు వంతులు ఆ చిన్న గ్లాసులోనే ఉంటుంది. సగటున 7 శాతం ఉన్న ఎనిమిది రకాలను నాలుగేసి ఔన్సులు తాగితే దాదాపు నాలుగు డ్రింకులు అవుతాయి. అందుచేత రెండు గుక్కలు రుచి చూసి, మిగిలింది బకెట్‌లో పోసి, గ్లాసు నీళ్ళతో కడిగి, ఆ నీళ్ళు తాగండి. ముందే కడుపునిండా అన్నం తిని వెళ్ళండి. మీరు వెళ్ళేది మనుషులతో మాట్లాడడానికి కనుక చివరిదాకా మాట తడబడకుండా ఉండాలి.

ఇక ఏం పట్టుకెళ్ళాలన్నది. నేను మొదట సూపర్‌మార్కెట్‌లో అన్నిటికన్నా చవకైన పన్నెండు డబ్బాల పెట్టె కొని తీసుకువెళ్ళాను. ఎవరూ ఏమీ అనలేదు కానీ దాన్ని ఎవరూ తెరవలేదు కూడా. కూటానికి కావలసింది ఒకే ఒక సీసా, అది అక్కడివారు తాగి ఉండనిది అయితే చాలు. దుకాణంలో ఉన్న మనిషిని అడిగితే, ఎంత ఖర్చు పెట్టగలరో చెబితే, ఆయనే ఎంచి ఇస్తారు. చాలా డబ్బాల అడుగున నింపిన తేదీ ఉంటుంది, అది చూడండి; బీరుకు చేదునూ వాసననూ ఇచ్చే హాప్స్ అనే పూల మీద ఆధారపడే ఐపీఏ రకం బీర్లు నెలలు గడిచేకొద్దీ వాసన కోల్పోతాయి. ఆకుపచ్చ సీసాకన్నా గోధుమరంగు సీసా నయం, ఎందుకంటే వెలుతురు తగిలితే హాప్స్‌లోని చేదు పదార్థాలు మారి దుర్వాసన పుడుతుంది.

తినడానికి ఇంటి నుంచి వచ్చిన పలాస జీడిపప్పు తీసుకువెళ్ళాను. అయితే దాన్ని మన పద్ధతిలో నూనెలో వేయించి, దండిగా కారం చల్లాను. హాప్స్ చేదు మీద మిరపకారం పడితే నోరు మండిపోయి, ఆ తరువాత ఏ రుచీ తెలియదు. ఆ సాయంత్రం సగం బీర్లు ఎవరికీ రుచి తెలియకుండానే పోయాయి. తరువాతి కూటానికి అదే పప్పును ఉప్పూ కారం లేకుండా దోరగా వేయించి తీసుకువెళ్ళాను. మాడ్చిన మాల్ట్‌తో, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీతో, చేసే పోర్టర్, స్టౌట్ అనే నల్ల బీర్లతో అది ఎంత బాగా కుదిరిందంటే, పలాస ఎక్కడుంది, ఉద్దానంలో జీడితోటలు ఎలా ఉంటాయి, గింజను ఎలా కాల్చి పప్పు తీస్తారు అని నన్ను గంటసేపు అడిగారు. ఈ దేశంలో మన ఊరి గురించి నన్ను ఒకరు అంతసేపు అడగడం అదే మొదలు. మీ అమ్మగారు పంపిన పొట్లంలో జీడిపప్పు ఉంటే అదే తీసుకువెళ్ళండి.

రుచి చూసే వరుస కష్టమైనదేమీ కాదు. తేలికైన పిల్స్‌నర్, కోల్ష్ ముందు. గోధుమతో చేసే హెఫెవైజెన్ తరువాత. హాప్స్ చేదు ఎక్కువగా ఉండే పేల్ ఏల్, ఐపీఏ ఆ తరువాత. స్టౌట్, బార్లీ వైన్ అనే ఘాటైన బీరు చివర. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే తాగితే నాలుక మొద్దుబారుతుంది కనుక, స్టౌట్‌ను 10 నుంచి 13 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కనివ్వండి. పోల్చేటప్పుడు సీసాలకు కాగితపు సంచులు తొడిగి అంకెలు వేస్తారు. కొన్ని బల్లల దగ్గర బీరు న్యాయనిర్ణేతల సంస్థ అయిన బీజేసీపీ పద్ధతిలో 50 మార్కులకు దిద్దుతారు: వాసనకు 12, చూపుకు 3, రుచికి 20, నోటికి తగిలే తీరుకు 5, మొత్తం మీద కలిగిన అభిప్రాయానికి 10. రుచి, వాసన కలిపి 32 మార్కులు ఉన్నాయంటే ముక్కు ఎంత ముఖ్యమో గ్రహించండి. మూడు గ్లాసుల పరీక్ష కూడా పెడతారు. రెండింటిలో ఒకే బీరు, మూడోదానిలో వేరేది, తేడాగా ఉన్నదేదో చెప్పాలి. గుడ్డిగా చెప్పినా మూడింట ఒకసారి సరిపోతుంది కాబట్టి, ఒక్కసారి సరిగ్గా చెప్పినవారిని చూసి మీరు బెదరనక్కరలేదు. ఇప్పుడు మా బల్ల దగ్గర ఆ తేడా గ్లాసును తరచుగా కనిపెట్టేది నేనే, అది సాధనతో వచ్చింది.

మాట్లాడడం గురించి మీరు ఎక్కువ భయపడుతున్నారు. నేనూ పక్కవారి మాటలే అప్పజెప్పేవాణ్ణి. వారు పైన్ చెట్టు వాసన అంటే తల ఊపేవాణ్ణి, ఆ చెట్టును దగ్గరగా చూసి ఎరగను. అలా తల ఊపినంతకాలం అయిదారుగురి మధ్య కూర్చుని కూడా గదిలో ఉన్నట్టే ఉన్నాను. ఒకరోజు ఒక పేల్ ఏల్ వాసన చూడగానే మా పెరటి పంపరపనస గుర్తుకొచ్చి, ఉండబట్టలేక ఆ సంగతి చెప్పాను. అది ఎలాంటి పండని అడిగారు, వివరించాను. ఆ బీరులో ఉన్నది కాస్కేడ్ అనే హాప్స్, ఇక్కడికి దక్షిణాన కార్వాలిస్‌లో పెంచి 1972లో విడుదల చేసిన రకం, గ్రేప్‌ఫ్రూట్ వాసనకు పేరుపడినది. గ్రేప్‌ఫ్రూట్ పుట్టిందే పంపరపనసకూ నారింజకూ సంకరంగా. నా ముక్కు సరిగ్గానే చెప్పిందన్నమాట. హెఫెవైజెన్‌లో అరటిపండు, లవంగం వాసనలు వస్తాయి, అవి కలిపినవి కావు, బీరును పులియబెట్టే ఈస్ట్ పుట్టించినవి. పుల్లటి బెర్లినర్ వైసె తాగితే మన తరవాణి గుర్తుకొస్తుంది. రెండింటికీ పులుపు తెచ్చేది లాక్టిక్ బాక్టీరియాయే. ఇవన్నీ మీకు పుట్టిపెరిగిన ఇంటి వాసనలే కనుక ధైర్యంగా చెప్పండి.

పొరపాటు చెప్పినా నష్టం లేదు. ఒకాయన ఇంట్లో కాచి తెచ్చిన ఏల్‌లో వెన్న కాస్తున్నప్పటి కమ్మని వాసన వస్తోందని నేను మనస్ఫూర్తిగా మెచ్చుకున్నాను. ఆయన ముఖం చిన్నబోయింది. ఆ వాసన డైఎసిటైల్ అనే పదార్థానిదని, ఈస్ట్ దాన్ని పుట్టించి చివర్లో తానే తిరిగి తీసుకుంటుందని, తొందరపడి చల్లార్చేస్తే బీరులో మిగిలిపోతుందని, చాలా రకాల్లో అది లోపమేనని పక్కాయన నాకు నెమ్మదిగా చెప్పాడు. నాకు చాలా సిగ్గు వేసి, ఇక రాకూడదనుకున్నాను. కానీ నెయ్యి కాచే ఇంట్లో పెరిగిన ముక్కు దాన్ని అందరికన్నా ముందు పట్టిందని వారు గమనించారు. తరువాతివారం ఆ ఏల్ కాచినాయనే ఇంకో సీసా తెచ్చి, ముందుగా నా చేతికిచ్చి, ఆ వాసన ఉందా లేదా చెప్పమన్నాడు. అప్పటినుంచి నాకు ఆ బల్ల దగ్గర ఒక కుర్చీ ఉంది.

తెలుగువారు ఎక్కువగా ఉండే బీవర్టన్, హిల్స్‌బరో వైపు శనివారం పార్టీలు ఉండగా ఇవన్నీ ఎందుకని మీ గదిలోని స్నేహితులు అనవచ్చు. ఆ పార్టీలకూ వెళ్ళండి, పులిహోర తినండి. కానీ అక్కడ మాట వీసా దగ్గర మొదలై ఇళ్ళ ధరల దగ్గర ఆగుతుంది. పెళ్ళయినవారు పిల్లలతో పెందలాడే వెళ్ళిపోతారు. వారిలో ఉద్యోగం మారినవారు ఊరు మారిపోతారు. ఒక ఏడాది నేను కలిసి తిరిగిన మిత్రులంతా మరుసటి ఏడాదికి టెక్సాస్‌లో ఉన్నారు. బల్ల దగ్గరివారు ఈ ఊరివారు, మరుసటి చలికాలానికి కూడా ఇక్కడే ఉంటారు.

ఇంట్లో చెప్పాలా అన్నది మీరు అడగలేదు, కానీ అడిగినట్టే ఉంది. నేను చాలా ఏళ్ళు దాచాను. దాచినంతకాలం శనివారం ఏం చేశావని అమ్మ అడిగితే పొడిగా జవాబు చెప్పి పెట్టేసేవాణ్ణి, దానితో ఇంటితో ఉన్న ఆ ఫోను మాటలు కూడా తగ్గిపోయాయి. చెప్పిన తరువాత అమ్మ కోప్పడింది. ఆ పై వారం ఆ బల్ల దగ్గర ఎవరెవరు కూర్చుంటారో పేరుపేరునా అడిగింది. మీరు చెప్పదలచుకుంటే ముందు మనుషుల గురించి చెప్పండి, బీరు గురించి తరువాత చెప్పండి.

అసలు తాగడమే ఇష్టం లేకపోతే, అప్పుడూ చోటుంది. ఇంట్లో కాచేవారి క్లబ్బులు పోటీలు పెట్టినప్పుడు, సీసాలు వరుసలో తెచ్చి న్యాయనిర్ణేతలకు అందించి మార్కుల కాగితాలు సేకరించడానికి స్టివార్డులు కావాలి. ఒక్క చుక్క తాగకుండా రోజంతా ఆ పని చేయవచ్చు, మధ్యాహ్నం భోజనం తరచుగా వారే పెడతారు. ఈ శనివారం మీ ఆఫీసువారిని అడగండి. వారిలో ఎవరో ఒకరు ఏదో ఒక క్లబ్బులో ఉండే ఉంటారు.