కమానులు నువ్వే మారుస్తానన్నావు కనుక

విజయనగరం

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ అంబాసిడర్ వెనక ఎడమవైపు కుంగిందని, వెనక బరువు మోసే ఉక్కు పట్టీల కమాను కట్టలు రెండూ కొత్తవి తెప్పించావని, వాటిని శ్రీకాకుళంలో మీ పెరట్లోనే ఎక్కిస్తానంటున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. మా ఊరి పైడితల్లి సిరిమానోత్సవానికి ఆ కారులోనే రావాలని నీ పట్టుదలట. నేను వద్దనను. నలభై ఏళ్ళు ఆ పనే చేసి, నిన్ను వద్దంటే నాకే సిగ్గు. కానీ ఫోనులో చెబితే సగం విని సగం మరిచిపోతావు, అందుకే కాగితం మీద పెడుతున్నాను.

ముందు నా తెలివితక్కువతనం ఒకటి విను. షెడ్డులో చేరిన రెండో ఏడు, ఒక మార్క్ 2 అంబాసిడర్ వెనక భాగాన్ని జాకీతో లేపి చక్రాలు తీశాను. హ్యాండ్‌బ్రేకు లాగి ఉంది, బండి గేరులో ఉంది, ఇక ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను. హ్యాండ్‌బ్రేకు పట్టేది వెనక చక్రాలనే. గేరు ఆపేదీ వాటినే. ఆ రెండూ లేనప్పుడు నేల మీద ఉన్న ముందు చక్రాలకు అడ్డేముంది? కమానును ఇరుసుకు పట్టి ఉంచే యూ బోల్టు మీద పానా వేసి బలంగా గుంజేసరికి బండి జానెడు ముందుకు జరిగింది, జాకీ ఒరిగింది, బ్రేకు డ్రమ్ము వచ్చి నేలకు కొట్టుకుంది. అంతకు క్షణం ముందే కాలు ఇవతలికి తీసుకున్నాను. మా మేస్త్రి ఒక్క మాట కూడా తిట్టలేదు. రెండు కర్ర దిమ్మలు తెచ్చి నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

అందుకని జాకీ ముట్టుకునే ముందే ముందు చక్రాలకు రెండు పక్కలా దిమ్మలు పెట్టు. చక్రాల నట్లు బండి నేల మీద ఉండగానే కాస్త వదులు చెయ్యి. మీ పెరట్లో ఇసుక నేల, పైగా వానలు. అక్కడ, లేపిన బండిని నిలబెట్టే ఇనుప స్టాండు కాళ్ళు మెల్లగా దిగబడతాయి, నీకు తెలియను కూడా తెలియదు. పోర్టికోలో సిమెంటు నేల ఉంది కదా, మీ నాన్న స్కూటరు ఒక పూట బయట ఉంటే ఏమీ కాదు. స్టాండ్లకు బదులు ఇటుకలు పేర్చకు. ఇటుక పగిలే ముందు చెప్పి పగలదు.

స్టాండ్లు పెట్టే చోటు కమాను ముందు కొస బిగించే బ్రాకెట్టుకు కొంచెం ముందు, బాడీలో రేకు మందంగా ఉన్న భాగం. నీ బండి ఇన్నేళ్ళూ కళింగపట్నంలో ఉప్పుగాలికి నిలబడింది. పైన రంగు మెరుస్తున్నా లోపల తుప్పు తినేసి ఉండవచ్చు. స్క్రూడ్రైవరుతో పొడిచి చూడు. అది లోపలికి దిగితే కమానుల మాట అటుంచి ముందు రేకు పని చేయించుకో. స్టాండ్ల మీదికి దించాక బండిని చేత్తో గట్టిగా ఊపు. ఊగితే కిందికి దూరవద్దు. తీసిన చక్రాలను బాడీ కింద పడుకోబెట్టి ఉంచు, స్టాండు జారినా బరువు వాటి మీద పడుతుంది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఈ పని పెట్టుకోకు.

కమాను అంటే విల్లే కదా. బరువు మీద ఉన్న విల్లు విప్పితే ఎవరి మీదికి ఎగురుతుందో చెప్పలేం. బాడీని స్టాండ్లు మోస్తుండగా ఇరుసు కింద జాకీ పెట్టి, కమాను బిగువు పోయేవరకు ఇరుసును మెల్లగా దించు. జాకీ అక్కడే ఉండాలి. ఇరుసును వేలాడదీస్తే బ్రేకు గొట్టం సాగుతుంది. షాక్ అబ్జార్బర్ లింకు ఊడదీసి, యూ బోల్టులు, కమాను వెనక కొసను బాడీకి తగిలించే షాకిల్, ముందు కొస బోల్టు, ఈ వరుసలో విప్పు. ఒక వైపు పూర్తిగా బిగించాకే రెండోది. రెండూ ఒకేసారి విప్పితే ఇరుసు తన ఇష్టం వచ్చినట్టు తిరుగుతుంది.

బోల్టులకు ముందు రోజు రాత్రే డీజిలు పట్టించు. కదలకపోతే గ్యాసు కట్టరు పిలవకు. వెనకే పెట్రోలు ట్యాంకు ఉంది, పైగా కాలిన పట్టీ పదును పోతుంది. అంబాసిడర్‌కు ఇంచి పానాలే వాడు. మిల్లీమీటరు పానా పట్టినట్టే ఉండి నట్టు మూలలు తినేస్తుంది. తుప్పు గీకేటప్పుడు కళ్ళద్దాలు పెట్టుకో.

పాత కట్టనూ కొత్త కట్టనూ పక్కపక్కన పెట్టి, పట్టీలన్నిటినీ కలిపి పట్టే సెంటర్ బోల్టు నుంచి రెండు కొసలకూ దూరం కొలువు. చాలా కట్టల్లో ఆ బోల్టు నట్టనడుమ ఉండదు, అటూ ఇటూ మార్చి వేస్తే ఇరుసు స్థానం తప్పుతుంది. బోల్టు తల ఇరుసు సీటులోని రంధ్రంలో సరిగ్గా కూర్చున్నాకే యూ బోల్టులు. అవి కొత్తవే వెయ్యి, ఒకసారి సాగినవి మళ్ళీ నమ్మదగ్గవి కావు. నాలుగు నట్లూ ఎదురెదురు మూలలవి మార్చి మార్చి, కొద్దికొద్దిగా బిగించు. కమాను కొసల్లో ఉండే రబ్బరు బుష్షులకు గ్రీసు రాయకు, ఉబ్బిపోతాయి. సబ్బునీళ్ళు చాలు.

ఎవరో ఇంకో పట్టీ చేర్చమన్నారట. ఆ సలహా టాక్సీవాళ్ళది. పెళ్ళివారు పదిమంది ఎక్కి డిక్కీలో వంట అండాలు పెట్టే రోజుల్లో అది సరే. నువ్వూ అమ్మా తిరిగే బండికి పట్టీ చేర్చావంటే ప్రతి గుంటా మీ నడుముకే తెలుస్తుంది.

ఇక చాలామంది చెడగొట్టే చోటు. బండి స్టాండ్ల మీద ఉండగా కొసల బోల్టులూ షాకిల్ నట్లూ చేత్తో తిప్పినంతే ఉంచు. చక్రాలు వేసి, బండిని నేల మీదికి దించి, వెనక భాగాన్ని నాలుగుసార్లు కిందికి నొక్కి వదిలాకే వాటిని గట్టిగా బిగించాలి. గాలిలో బిగిస్తే బుష్షు ఆ వంపులోనే పట్టుకుపోతుంది, దించగానే మెలిపడుతుంది, కొన్నాళ్ళకే చిరుగుతుంది. కొత్త కమానులు వేయించినా కిర్రుకిర్రుమంటోందని నా దగ్గరికి వచ్చిన బండ్లలో సగం ఇలాంటివే.

తొలేళ్ళనాటికే, అంటే సిరిమానుకు ముందు రోజుకే వచ్చెయ్యి, సిరిమాను జరిగే మంగళవారం ఊళ్ళోకి కారు కదలదు. రణస్థలం దాటి నాతవలస దగ్గర ఇటు తిరిగేలోపు ఒకసారి ఆగి, కిందికి వంగి చూడు. ఇంటికి రాగానే, మీ అత్తయ్య కాఫీ పెట్టేలోగా యూ బోల్టులు మళ్ళీ బిగిద్దాం. ఇంచి పానాల పెట్టె డిక్కీలో వేసుకురా. నావి ఎవరో పట్టుకుపోయి ఇంకా తిరిగి ఇవ్వలేదు.

మీ మామయ్య