అపార్ట్‌మెంట్‌లో పిల్లికి మంచి అలవాట్లు ఎట్లా?

సందేహం: మాది హన్మకొండ. అమెరికా వచ్చాక షెల్టర్ నుంచి ఒక మగపిల్లిని తెచ్చుకున్నాం. సోఫా గీకుతోంది, తెల్లవారుజామునే లేపుతోంది, ఒక్కోసారి కార్పెట్ మీదే మూత్రం పోస్తోంది. అద్దె ఇల్లని టెన్షన్‌గా ఉంది. రెండు దెబ్బలేస్తే మారుతుందా అక్కా?

జవాబు: కొట్టకు చెల్లె. ఏ పనికి కొట్టావో పిల్లికి అర్థం కాదు, నువ్వంటే భయం మాత్రం పట్టుకుంటుంది. ఆ భయంతో ఈసారి మంచం కింద పోస్తుంది.

మన దిక్కు పిల్లి గూన ఇళ్ళ మీద తిరిగేది, వేపచెట్టుకు గోళ్ళు గీరుకునేది, పెరట్లో మట్టి తవ్వుకుని పని కానిచ్చేది. దానికెవరూ బుద్ధులు నేర్పలేదు, కావాల్సిన చోటు ఉంది, అంతే. ఇక్కడ తలుపులు మూసిన రెండు గదుల్లో ఆ చోట్లు మనమే చూపించాలి.

ముందు కార్పెట్ సంగతి. పిల్లులు ఎన్నుంటే అంతకు ఒకటి ఎక్కువ, అవి పని కానిచ్చుకునే ఇసుక పెట్టెలు ఉండాలంటారు ఇక్కడి పశువుల డాక్టర్లు. అంటే మీకు రెండు. మనవాళ్ళు వాసనకు జంకి మూత ఉన్న చిన్న పెట్టె కొని, వాషింగ్ మెషీన్ పక్కన పెడుతుంటారు. ఆ చప్పుడుకు పిల్లి అటు పోదు. మూత లేని పెద్ద పెట్టె తీసుకుని, సెంటు కలపని సన్న ఇసుక పోసి, తిండి గిన్నెకు దూరంగా, సందడి లేని మూలన పెట్టు. రోజూ ఎత్తిపోయాలి, అందులో బద్ధకం పనికిరాదు. పాడైన కార్పెట్‌ను ఎంజైమ్ క్లీనర్‌తో, అంటే మూత్రం వాసనను విరగ్గొట్టే ద్రవంతో తుడువు. వాసన మిగిలితే మళ్ళీ అక్కడికే వస్తుంది. ఫినాయిల్ మాత్రం వద్దు, పిల్లులకు అది విషం.

గీకడం మాన్పించలేం, చోటు మార్చగలం. ఒళ్ళంతా సాగదీసుకునేంత ఎత్తున్న, ఊగని, తాడు చుట్టిన స్తంభాన్ని సోఫా పక్కనే పెట్టు. దాన్ని గీకిన వెంటనే ఇష్టమైన ముక్క ఒకటి పెట్టు. గోళ్ళు తీయించేయమని ఎవరైనా చెప్తే వినకు. అది గోళ్ళు తీయడం కాదు, వేళ్ళ చివరి ఎముకలు కోసేయడం. న్యూయార్క్ రాష్ట్రం 2019లోనే దాన్ని నిషేధించింది. గోళ్ళ కొనలు కత్తిరిస్తే సరిపోతుంది.

పడుకునే ముందు కాసేపు బాగా ఆడించి, ఆ తర్వాత తిండి పెట్టు. తెల్లవారుజామున అరిచినా లేవకు. ఒక్కరోజు లేచి పెట్టావంటే, అరిస్తే తిండి వస్తుందని గట్టిగా నేర్చుకుంటుంది.

వరంగల్ నుంచి అత్తమ్మ వాళ్ళు వచ్చినప్పుడు ప్రేమగా పెరుగన్నం పెడతామంటారు. నెమ్మదిగా చెప్పు: పిల్లికి మాంసం తిండే కావాలి. అందులోని టారిన్ అనే పోషకం అందకపోతే చూపు, గుండె రెండూ దెబ్బతింటాయి. ఉల్లి, వెల్లుల్లి పడిన కూరలు అసలే పెట్టొద్దు. ఇంకొకటి, బతుకమ్మకు తంగేడు, గునుగు దొరక్క ఇక్కడి దుకాణాల్లో బొకేలు కొంటాం కదా. అందులో లిల్లీలుంటే ఇంట్లోకి తేవద్దు. ఒంటి మీద పడ్డ పుప్పొడి నాకినా కిడ్నీలు పోతాయి.

బాగా అలవాటైన పిల్లి ఉన్నట్టుండి పెట్టె బయట పోస్తే తిట్టకుండా డాక్టర్‌కు చూపించు. మీది మగపిల్లి కాబట్టి ఇది గుర్తుంచుకో: పెట్టెలో పదే పదే కూర్చుని ముక్కుతూ, చుక్క కూడా రాకపోతే మూత్రం అడ్డుపడి ఉండొచ్చు. అప్పుడు తెల్లారేదాకా ఆగకు, రాత్రి తెరిచి ఉండే పశువుల ఎమర్జెన్సీకి వెంటనే తీసుకెళ్ళు.